క్లాసులో ఒక పేరు, కమాండులో మరో పేరు: ఆప్షన్లకు సరైన పేర్లు పెట్టడం ఎలా?

ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ పద్ధతిలో రాసిన ప్రోగ్రామును కమాండు లైన్ నుంచి నడిపించాలనుకున్నప్పుడు చాలామంది ఎంచుకునే దారి ఒకటుంది. క్లాసులో (సమాచారాన్నీ దానిపై చేసే పనులనూ కలిపి రాసే నమూనా) విలువను దాచే యాట్రిబ్యూట్‌కు ఏ పేరు ఉంటే, దాని ముందు రెండు గీతలు తగిలించి అదే ఆప్షన్ (కమాండుతోపాటు విలువ ఇవ్వడానికి రాసే పేరు) అంటారు. పని జరిగిపోతుంది. కొన్నాళ్లకు క్లాసును చక్కబరుస్తూ లోపలి పేరు ఒకటి మారుస్తారు. ఎక్కడో ఎవరో రోజూ నడుపుకొంటున్న కమాండు ఆ రోజు నుంచి ఆగిపోతుంది.

యాట్రిబ్యూట్ పేరు ప్రోగ్రాము రాసేవారిది. ఆప్షన్ పేరు దాన్ని వాడేవారిది. మొదటిదాన్ని ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకునే స్వేచ్ఛ మీకు ఉండాలి. రెండోది ఒకసారి బయటికి వెళ్లిందంటే మీరు మాట ఇచ్చినట్టే. అందుకే ఈ రెండు పేర్లనూ విడదీసి, వాటి మధ్య ముడిని ఒకే చోట, కంటికి కనిపించేలా వేయాలి. అది ఎలాగో పైథాన్ ఉదాహరణతో చూద్దాం. విశాఖలో ఇంజినీరింగ్ చదువుతున్నవారికీ, మధురవాడ వైపు చిన్న కంపెనీల్లో పనిచేస్తున్నవారికీ ఎక్కువగా పరిచయమున్న భాష అదే కాబట్టి దాన్ని ఎంచుకున్నాను.

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఒక కమీషన్ వ్యాపారి కార్యాలయం ఉందనుకోండి. తెల్లవారుజామున బోట్లు జెట్టీకి చేరతాయి. సరుకు వేలంపాటకు వెళుతుంది. ఏ బోటు ఏ చేప ఎంత తెచ్చింది, ఎంతకు పలికింది అనే లెక్కను గుమాస్తా కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. రాత్రికి ఒక షెడ్యూలు పని (నిర్ణీత వేళకు దానంతటదే నడిచేది) అదే ప్రోగ్రామును పిలిచి ఆ రోజు నివేదిక తీస్తుంది. అంటే మీ ఆప్షన్లను ఒక మనిషీ వాడుతున్నారు, ఒక యంత్రమూ వాడుతోంది. పేర్లు పెట్టేటప్పుడు ఇద్దరినీ తలచుకోవాలి.

ప్రోగ్రాము పేరు వేట. గుమాస్తా టైపు చేయవలసింది ఇంతే:

వేట --బోటు 214 --తేదీ 2025-06-16 --చేప వంజరం --తూకం 38.5

ఇది చూపించడం కోసం తెలుగులో రాసిన కమాండు కాదు. పైథాన్ 3 వేరియబుళ్లకు, క్లాసులకు తెలుగు లిపి పేర్లను నిజంగానే అంగీకరిస్తుంది. ఆప్షన్ పేరు ఎలాగూ ఒక స్ట్రింగు కాబట్టి దానికీ అడ్డు లేదు. మీరు లాటిన్ అక్షరాల్లోనే రాస్తున్నా కింది పద్ధతి అంతా అలాగే వర్తిస్తుంది.

మొదటి అడుగు: ఏది బయటికి వెళ్లాలో తేల్చుకోండి

సరుకు అనే క్లాసు ఉందనుకుందాం. అందులో వెసెల్_రిజిస్ట్రేషన్_నంబర్, ల్యాండింగ్_డేట్, స్పీసీస్_కోడ్, నెట్_వెయిట్_కేజీ, సేల్_అమౌంట్ అనే యాట్రిబ్యూట్లున్నాయి. వీటితోపాటు డేటాబేసు కనెక్షన్ ఒకటి, లెక్కకట్టిన కమీషన్ ఒకటి ఉన్నాయి. చివరి రెండూ వాడేవారు ఇవ్వవలసినవి కావు. వాటికి ఆప్షన్ ఉండకూడదు.

తెలిసిన విషయమే అనిపించినా చాలా ప్రోగ్రాములు తప్పేది ఇక్కడే. పెర్ల్‌లోని మూస్‌ఎక్స్ గెట్‌ఆప్ట్ వంటి ఉపకరణాలు క్లాసులోని ప్రతి యాట్రిబ్యూట్‌నూ వాటంతట అవే ఆప్షన్‌గా మారుస్తాయి. కింది గీతతో (అండర్‌స్కోర్) మొదలయ్యే పేర్లను మాత్రం వదిలేస్తాయి. సౌకర్యమే, కానీ మీరు మరిచిపోయిన ప్రతి యాట్రిబ్యూటూ ఒక మాట ఇచ్చేస్తుంది. మీరు రాసుకునే పద్ధతిలో దీన్ని తలకిందులు చేయండి. చెప్పినది మాత్రమే బయటికి వెళ్లాలి, చెప్పనిది లోపలే ఉండాలి.

రెండో అడుగు: వాడేవారి మాటతో పేరు పెట్టండి

రిజిస్ట్రేషన్ నంబరు కాగితం మీద పొడుగ్గా ఉంటుంది. జెట్టీ మీద ఎవరూ దాన్ని రిజిస్ట్రేషన్ నంబరు అనరు, బోటు అంటారు. కాబట్టి --బోటు. నెట్_వెయిట్_కేజీ బయట --తూకం అవుతుంది. రొయ్యలకు కిలోకు ఎన్ని పడతాయనే కొలతను ఆ వ్యాపారంలో కౌంటు అంటారు. 100 కౌంటు అంటే కిలోకు వంద రొయ్యలు. క్లాసులో మీరు దానికి పీసెస్_పర్_కిలో అని పేరు పెట్టుకోవచ్చు, లెక్కలు చేసే చోట అది స్పష్టంగా ఉంటుంది. ఆప్షన్ మాత్రం --కౌంటు అయితేనే గుమాస్తా చెయ్యి తడబడదు. మంచి పేరు కోసం నిఘంటువు తిరగేయకండి. ఆ పని చేసేవారి పక్కన ఒక పూట కూర్చోండి, పేర్లన్నీ అక్కడే దొరుకుతాయి.

రూపం విషయంలో పాత కట్టుబాట్లను గౌరవించండి. యూనిక్స్ తరహా వ్యవస్థల ప్రమాణమైన పోసిక్స్ మార్గదర్శకాల ప్రకారం ఒక గీత తరువాత ఒకే అక్షరం. రెండు గీతలతో పొడుగు పేర్లు రాయడం గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు ప్రోగ్రాముల ద్వారా అందరికీ అలవాటైంది. పొడుగు పేరులో రెండు మాటలుంటే మధ్యలో చిన్న గీత పెట్టండి, కింది గీత వద్దు. ఏ పేరూ లేకుండా ఒంటరిగా వచ్చే రెండు గీతలు ఆప్షన్లు ముగిశాయని చెప్పే గుర్తు. దాన్ని మరో పనికి వాడకండి. హెల్ప్, వెర్షన్ అనేవి ప్రతి ప్రోగ్రాములోనూ ఉండాలని గ్నూ ప్రమాణాలు కోరతాయి. వాటిని తీసేయవద్దు. తెలుగులోనూ కావాలంటే పైథాన్‌లో కమాండు మాటలను విడదీసి చదివే పార్సర్ సొంతంగా చేర్చే హెల్ప్‌ను యాడ్_హెల్ప్ ద్వారా ఆపి, అవే పాత పేర్ల పక్కన --సాయం కూడా చేర్చి మీరే ఒక ఆప్షన్ రాయండి. దాని యాక్షన్ హెల్ప్ అని చెబితే చాలు.

మూడో అడుగు: డెస్ట్ గురించి తెలుసుకోండి

పైథాన్ ప్రామాణిక లైబ్రరీలో ఇలాంటి పార్సర్‌ను ఇచ్చే ఆర్గ్‌పార్స్ ఉంది. 2.7, 3.2 వెర్షన్లతో అందులో చేరింది. యాడ్_ఆర్గ్యుమెంట్ అనే మెథడ్‌కు మీరు ఎన్ని ఆప్షన్ పేర్లయినా ఇవ్వవచ్చు. చదివిన విలువను ఏ పేరుతో దాచాలో డెస్ట్ అనే పారామీటరు చెబుతుంది.

డెస్ట్ ఇవ్వకపోతే ఆర్గ్‌పార్స్ తానే ఊహించుకుంటుంది. మీరు ఇచ్చిన పేర్లలో మొదటి పొడుగు పేరును తీసుకుని, ముందున్న గీతలు తొలగించి, మధ్యలోని చిన్న గీతలను కింది గీతలుగా మారుస్తుంది. పొడుగు పేరు లేకపోతే మొదటి పొట్టి పేరును తీసుకుంటుంది. ఇందులో దాగిన ప్రమాదం చూడండి. మొదట --బరువు అని ఒకే పేరు ఉంది. తరువాత మీరు --తూకం కూడా చేర్చి దాన్ని ముందు రాశారు. అంతే, విలువ దాచే పేరు మారిపోయింది. దాన్ని చదువుతున్న కోడు విరిగిపోయింది. పేర్లు రాసిన వరుసకు అంత బలం ఉండకూడదు. కాబట్టి డెస్ట్‌ను ఎప్పుడూ స్పష్టంగా ఇవ్వండి.

దీనికి తోబుట్టువు మెటావార్. సహాయ పాఠంలో ఆప్షన్ పక్కన విలువ స్థానంలో కనిపించే మాట అది. ఇవ్వకపోతే డెస్ట్‌నే పెద్ద అక్షరాల్లో చూపిస్తుంది. అంటే లోపలి పేరు సహాయ పాఠం గుండా బయటపడుతుంది. తెలుగు లిపిలో పెద్దా చిన్నా అక్షరాలు లేవు కాబట్టి పేరు ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. --తూకం పక్కన కిలోలు అనీ, --బోటు పక్కన నంబరు అనీ మెటావార్ మీరే రాయండి.

నాలుగో అడుగు: ముడిని యాట్రిబ్యూట్ పక్కనే వేయండి

మొత్తం పద్ధతికి ఇదే వెన్నెముక. యాడ్_ఆర్గ్యుమెంట్ పిలుపులను ఒక ఫైల్లో, క్లాసును మరో ఫైల్లో పెడితే రెండూ క్రమంగా దూరమవుతాయి. కొత్త యాట్రిబ్యూట్ చేర్చినవారు ఆప్షన్ సంగతి మరిచిపోతారు. పైథాన్ 3.7 నుంచి ఉన్న డేటాక్లాసులు (ప్రధానంగా విలువలు దాచుకునే క్లాసులు) దీనికి చక్కటి దారి చూపిస్తాయి. వాటిలో యాట్రిబ్యూట్‌ను ఫీల్డు అంటారు. ప్రతి ఫీల్డుకూ మెటాడేటా అనే చిన్న డిక్షనరీ (పేరు, విలువ జతల పట్టిక) తగిలించుకోవచ్చు. డేటాక్లాసు దాన్ని తనకోసం వాడుకోదు. అది పూర్తిగా మీ అవసరాలకే.

నెట్_వెయిట్_కేజీ అనే ఫీల్డు మెటాడేటాలో నాలుగు సంగతులు రాయండి. ఆప్షన్ పేర్ల జాబితా, విలువను మార్చే ఫంక్షను, మెటావార్, సహాయ వాక్యం. ల్యాండింగ్_డేట్‌కు మార్చే ఫంక్షనుగా డేట్ క్లాసులోని ఫ్రమ్‌ఐసోఫార్మాట్ సరిపోతుంది. ఫీల్డు టైపు నుంచే మార్చే ఫంక్షనును ఊహించవచ్చు కదా అని కొందరు ప్రయత్నిస్తారు. యానొటేషన్లను (ఫీల్డు టైపును చెప్పే రాతలను) వాయిదా వేసే ఫ్యూచర్ ఇంపోర్టు ఫైల్లో ఉంటే ఆ టైపు స్ట్రింగుగా వస్తుంది. దాన్ని నమ్ముకోకుండా ఫంక్షనును మెటాడేటాలో రాసేయడమే నిక్కచ్చి.

తరువాత పార్సర్‌ను కట్టే ఫంక్షను ఒకటి విడిగా రాయండి. అది ఏదైనా డేటాక్లాసును తీసుకుని, ఫీల్డ్స్ అనే ఫంక్షను ఇచ్చే వరుసలో ఒక్కొక్క ఫీల్డునూ చూస్తుంది. మెటాడేటాలో ఆప్షన్ పేర్లుంటే యాడ్_ఆర్గ్యుమెంట్ పిలుస్తుంది. డెస్ట్‌గా ఫీల్డు పేరునే ఇస్తుంది. ఫీల్డుకు డిఫాల్టు గానీ, డిఫాల్టు ఫ్యాక్టరీ గానీ లేకపోతే ఆ ఆప్షన్ తప్పనిసరి అని గుర్తు పెడుతుంది. బయటికి వెళ్లకూడని ఫీల్డుకు దాచు అనే గుర్తు మెటాడేటాలో ఉండాలి. పేర్లూ లేవు, దాచు గుర్తూ లేదు అంటే ఊహించుకోకుండా అక్కడికక్కడే ఎర్రర్ ఇవ్వాలి. అప్పుడే మొదటి అడుగులో తీసుకున్న నిర్ణయం ప్రతి కొత్త ఫీల్డుకూ వర్తిస్తుంది.

డిఫాల్టు విలువలను రెండు చోట్ల రాయకండి. క్లాసులో ఒకటి, పార్సర్‌లో ఒకటి ఉంటే ఏదో ఒక రోజు అవి విడిపోతాయి. ప్రతి ఆప్షన్‌కూ డిఫాల్టుగా ఆర్గ్‌పార్స్‌లోని సప్రెస్ అనే విలువ ఇవ్వండి. అప్పుడు వాడేవారు ఇవ్వని ఆప్షన్ ఫలితంలో కనిపించదు. ఆ ఫలితాన్ని డిక్షనరీగా మార్చి రెండు నక్షత్రాలతో క్లాసుకు అందిస్తే, ఇచ్చినవి ఇచ్చినట్టు చేరతాయి, ఇవ్వనివాటికి క్లాసు తన డిఫాల్టు తానే వేసుకుంటుంది.

క్లాసులో ఆర్గ్‌పార్స్ ప్రస్తావన ఎక్కడా లేదని గమనించండి. రేపు అదే సరుకు క్లాసును ఒక వెబ్ ఫారం వెనుక పెట్టినా ఏమీ మార్చనవసరం లేదు.

ఎర్రర్ సందేశాల్లోనూ బయటి పేరే

ఆప్షన్ పేర్లు ఎంత శ్రద్ధగా పెట్టినా, తూకం దగ్గర సున్నా కంటే తక్కువ విలువ ఇచ్చినప్పుడు "నెట్_వెయిట్_కేజీ తప్పు" అని సందేశం వస్తే గుమాస్తాకు ఏమర్థమవుతుంది? ఆ పేరు ఆయన జన్మలో చూడలేదు. క్లాసు ఇచ్చే ఎక్సెప్షన్‌లో యాట్రిబ్యూట్ పేరును విడిగా ఉంచండి. కమాండు లైన్ పొర దాన్ని పట్టుకుని, మెటాడేటాలో ఆ యాట్రిబ్యూట్‌కున్న మొదటి ఆప్షన్ పేరు వెతికి, పార్సర్‌లోని ఎర్రర్ మెథడ్‌కు అందించాలి. ఆ మెథడ్ వాడుక వివరం చూపించి, సందేశం ముద్రించి, పని విఫలమైందని తెలిపే 2 అనే ముగింపు కోడుతో ముగుస్తుంది. రాత్రి నడిచే షెడ్యూలు పనికి ఆ కోడే ముఖ్యం.

ఐదో అడుగు: వారసత్వం వచ్చినప్పుడు

రొయ్యల_సరుకు అనే క్లాసు సరుకు నుంచి వారసత్వం పొందుతుంది. దానికి --కౌంటు అదనం. డేటాక్లాసుల్లో తల్లి క్లాసు ఫీల్డులు ముందు, పిల్ల క్లాసువి తరువాత వస్తాయి. కాబట్టి సహాయ పాఠంలో వరుస కూడా సహజంగా ఉంటుంది.

పిల్ల క్లాసులో ఒక ఫీల్డును మళ్లీ నిర్వచిస్తే దాని స్థానం పాతదే ఉంటుంది, కానీ మెటాడేటా మొత్తం కొత్తదే అవుతుంది. పాతదానితో కలిసిపోదు. తూకానికి సహాయ వాక్యం మాత్రమే మార్చుదామని ఫీల్డును తిరిగి రాస్తే, ఆప్షన్ పేర్లు కూడా పోతాయి. నాలుగో అడుగులో చెప్పిన ఎర్రర్ ఇక్కడ మిమ్మల్ని ఆదుకుంటుంది. దీనికి ఒక చిన్న సహాయక ఫంక్షను రాసుకోండి. తల్లి క్లాసు ఫీల్డు మెటాడేటాను కాపీ చేసుకుని, మారిన అంశాలను పైన వేసి, కొత్త ఫీల్డు ఇస్తుంది. అసలు మెటాడేటా చదవడానికి మాత్రమే వీలైనది కాబట్టి కాపీ తప్పనిసరి.

రెండు క్లాసుల నుంచి వారసత్వం తీసుకున్నప్పుడు ఒకే ఆప్షన్ పేరు రెండు వేర్వేరు ఫీల్డులకు ఉండే అవకాశం ఉంది. ఆర్గ్‌పార్స్ దాన్ని పార్సర్ కడుతున్నప్పుడే పట్టుకుని ఎర్రర్ ఇస్తుంది. కాన్‌ఫ్లిక్ట్_హ్యాండ్లర్ అనే పారామీటరుకు రిజాల్వ్ అని ఇస్తే ఆ ఎర్రర్ పోతుంది, ఎందుకంటే పాత ఆప్షన్ దగ్గరున్న ఆ పేరును నిశ్శబ్దంగా లాగేసుకుంటుంది. ఆ దారి వద్దు. పేరు కోసం రెండు ఫీల్డులు పోటీ పడుతున్నాయంటే ఆ తీర్పు మనిషి ఇవ్వవలసినది.

అవును, కాదు అనే ఆప్షన్లు

మార్చే ఫంక్షనుగా బూల్‌ను ఇవ్వకండి. ఖాళీ కాని ఏ స్ట్రింగునైనా అది నిజం అంటుంది. "వద్దు" అని రాసినా నిజమే అవుతుంది. 3.9 వెర్షన్ నుంచి బూలియన్ ఆప్షనల్ యాక్షన్ అనేది ఉంది. అది ప్రతి పొడుగు పేరుకూ నో అనే ఇంగ్లీషు ముక్కను ముందు చేర్చి వ్యతిరేక రూపం తయారు చేస్తుంది. తెలుగు పేరుకు ముందు ఆ ముక్క అతకదు. చేత్తోనే రెండు ఆప్షన్లు రాయండి. --రసీదు నిజాన్ని నిల్వ చేస్తుంది, --రసీదు-వద్దు అబద్ధాన్ని నిల్వ చేస్తుంది, రెండింటికీ డెస్ట్ ఒకటే. అసలు పేరు ఎప్పుడూ సానుకూలంగా ఉండాలి. వద్దు అనేదే అసలు పేరైతే దాని వ్యతిరేకం రాయడం నరకం.

ఆరో అడుగు: తెలుగు అక్షరాలతో జాగ్రత్తలు

ఇక్కడ కాస్త ఆగి చదవండి. తెలుగు పేర్లు పెట్టాలనే ఉత్సాహం ఉన్నవారు ఈ వివరాలు తెలియక మధ్యలో వదిలేస్తుంటారు.

మనం తెలుగులో ఇంగ్లీషు మాటలు రాసేటప్పుడు పొల్లు తరువాత అక్షరం కలిసిపోకుండా కంటికి కనిపించని ఒక గుర్తు పెడతాం. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. ప్రతి లిపి గుర్తుకూ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో దాని సంఖ్య దశాంశంలో 8204. పైథాన్ ఐడెంటిఫయర్లలో (వేరియబుళ్లు, క్లాసుల వంటివాటి పేర్లలో) దానికి చోటు లేదు, పెడితే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. ఆప్షన్ పేరులో స్ట్రింగు కాబట్టి పడుతుంది. కానీ అప్పుడు మీరు పెట్టిన పేరులో ఆ గుర్తు ఉండి, వాడేవారు టైపు చేసినదానిలో లేకపోతే రెండూ చూడటానికి ఒకటే, పోల్చితే వేరు. అందుకే ఆ గుర్తు అవసరపడని పేర్లనే ఎంచుకోండి. బోటు, తేదీ, తూకం వంటి పొల్లు లేని పదాలకు ఈ బెడద లేదు.

రెండోది ఐత్వం. ఆ గుణింతం గుర్తును యూనికోడ్‌లో ఒకే సంకేతంగా (ఒకే సంఖ్యతో) రాయవచ్చు, రెండు భాగాలుగా విడదీసి కూడా రాయవచ్చు. పైథాన్ తన ఐడెంటిఫయర్లను చదివేటప్పుడు వీటిని ఒకే రూపానికి తెచ్చుకుంటుంది. స్ట్రింగులను మాత్రం ముట్టుకోదు. సేల్_అమౌంట్‌కు మీరు --పైకం అని పేరు పెట్టారనుకోండి. ఒక కీబోర్డు ఒక రూపంలో, మరో చోటి నుంచి కాపీ చేసిన పాఠం మరో రూపంలో వస్తే ఆర్గ్‌పార్స్ ఆ ఆప్షన్‌ను గుర్తించదు. డెస్ట్‌ను చేత్తో రాయకుండా ఫీల్డు పేరు నుంచి తీసుకోమన్నది ఇందుకు కూడా.

పరిష్కారం చిన్నదే. కమాండు నుంచి వచ్చిన మాటల జాబితాను పార్సర్‌కు ఇచ్చే ముందు ఒకసారి శుభ్రం చేయండి. రెండు గీతలతో మొదలయ్యే ప్రతి మాటలోనూ, సమానం గుర్తు ఉంటే దాని ముందు భాగాన్ని మాత్రమే తీసుకుని, యూనికోడ్‌డేటా మాడ్యూలులోని నార్మలైజ్ ఫంక్షనుతో ఎన్‌ఎఫ్‌సీ (విడి భాగాలను కలిపేసిన) రూపానికి తెచ్చి, కనిపించని గుర్తును తీసేయండి. ఒంటరి రెండు గీతల తరువాత వచ్చేవాటిని ముట్టుకోకండి. విలువల జోలికీ పోవద్దు, ఎందుకంటే బోటు యజమాని పేరులో ఆ గుర్తు సరైన చోటే ఉండవచ్చు. మీ మెటాడేటాలోని పేర్లకు కూడా అదే శుభ్రత వర్తింపజేయండి.

మూడోది పొట్టి పేర్లు. ఒక గీత తరువాత ఒక సంకేతాన్నే ఆర్గ్‌పార్స్ పొట్టి పేరుగా చూస్తుంది. మన అక్షరం తరచూ రెండు మూడు సంకేతాల కూర్పు. తేదీకి పొట్టిగా -త అని పెట్టారనుకోండి. ఎవరైనా ఒక గీత మరిచిపోయి -తేదీ అని కొడితే, ఆర్గ్‌పార్స్ దాన్ని -త ఆప్షన్‌గా, మిగిలిన గుణింతం గుర్తునూ దీ అక్షరాన్నీ దాని విలువగా చదువుతుంది. తేదీ తప్పని ఎర్రర్ వస్తే అదృష్టం, స్ట్రింగు తీసుకునే ఆప్షన్ అయితే చెత్త విలువ నిశ్శబ్దంగా లోపలికి వెళుతుంది. పొట్టి పేర్లకు లాటిన్ అక్షరాలనే వాడండి, లేదా పొట్టి పేర్లే మానేయండి. రోజుకు వంద సార్లు కొట్టే ఆప్షన్‌కు తప్ప పొట్టి పేరు అక్కరలేదని నా అభిప్రాయం.

మంచి వార్త ఒకటి. పైథాన్‌లో పూర్ణాంకాలను చదివే ఇంట్ ఫంక్షను తెలుగు అంకెలను కూడా అర్థం చేసుకుంటుంది. --కౌంటు ౧౦౦ అని ఇచ్చినా వంద అనే చదువుతుంది.

సహాయ పాఠం చూపించేటప్పుడు ఆర్గ్‌పార్స్ సంకేతాలను లెక్కపెట్టి ఖాళీలు వదులుతుంది. తేదీ అనే మాటలో సంకేతాలు నాలుగు, తెర మీద కనిపించే అక్షరాలు రెండు. దానివల్ల వివరణల నిలువు వరుస వంకరపోతుంది. హెల్ప్ ఫార్మాటర్‌లో మాక్స్_హెల్ప్_పొజిషన్ విలువను 6కు తగ్గిస్తే ప్రతి వివరణా ఆప్షన్ కింది వరుసలోకి దిగి, అన్నీ ఒకే అంచున నిలుస్తాయి.

ఏడో అడుగు: కుదింపులను ఆపండి

పొడుగు పేరులో మొదటి కొన్ని అక్షరాలు కొట్టినా ఆర్గ్‌పార్స్ ఒప్పుకుంటుంది. అది దాని డిఫాల్టు. --తే అంటే ప్రస్తుతం --తేదీ ఒక్కటే కాబట్టి పనిచేస్తుంది. వచ్చే ఏడాది తూకంలో తేడా నమోదు చేయడానికి --తేడా చేర్చారు. ఆ క్షణం నుంచి --తే అని రాసుకున్న ప్రతి స్క్రిప్టూ సందిగ్ధం అనే ఎర్రర్‌తో ఆగుతుంది. మీరు ఏ పేరూ తీసేయలేదు, మార్చలేదు. అయినా మాట తప్పినట్టే. పార్సర్ కట్టేటప్పుడు అలౌ_అబ్రివ్‌కు ఫాల్స్ ఇవ్వండి. ఈ పారామీటరు 3.5 నుంచి ఉంది. 3.8కి ముందు వెర్షన్లలో ఇది పొట్టి ఆప్షన్లను ఒకే గీత వెనుక గుత్తిగా రాసే వీలును కూడా ఆపేసేది, పాత పైథాన్ వాడుతుంటే గమనించండి. దీన్ని మొదటి వెర్షన్‌లోనే చేయాలి. తరువాత చేస్తే కుదింపులకు అలవాటు పడ్డవారికి అదే కొత్త కష్టం.

ఎనిమిదో అడుగు: పేరు మార్చక తప్పనప్పుడు

మొదట --బరువు అని పెట్టారు. హార్బర్‌లో అందరూ తూకం అంటున్నారని తెలిసి --తూకం చేయాలనుకున్నారు. లోపలి పేరు ముట్టుకోనవసరం లేదు. మెటాడేటాలో పేర్ల జాబితా మొదట్లో కొత్త పేరు చేర్చితే రెండూ పనిచేస్తాయి. సహాయ పాఠంలో మాత్రం రెండూ కనిపిస్తాయి. పాతదాన్ని దాచాలంటే దాన్ని విడి యాడ్_ఆర్గ్యుమెంట్‌గా, అదే డెస్ట్‌తో, సహాయ వాక్యంగా సప్రెస్ ఇచ్చి రాయాలి. ఆప్షన్ తప్పనిసరి అయినప్పుడు ఇక్కడ చిక్కు వస్తుంది. పాత పేరుతో విలువ ఇచ్చినా కొత్త పేరు లేదంటూ ఎర్రర్ ఇస్తుంది. రెండింటినీ ఒక పరస్పర మినహాయింపు గుంపులో (ఒకసారికి ఒక్కటే ఇవ్వగల ఆప్షన్ల గుంపు) పెట్టి, తప్పనిసరి అనే గుర్తును గుంపుకు ఇవ్వండి. ఒకే కమాండులో రెండు పేర్లూ ఇస్తే ఎర్రర్ రావడం దానితో వచ్చే లాభం.

పాత పేరు వాడినవారికి హెచ్చరిక కనిపించాలి. పైథాన్ 3.13లో యాడ్_ఆర్గ్యుమెంట్‌కు డెప్రికేటెడ్ అనే పారామీటరు వచ్చింది. పాత పేరున్న పిలుపుకు దాన్ని ట్రూ చేస్తే చాలు. అంతకుముందు వెర్షన్లలో ఆర్గ్‌పార్స్‌లోని యాక్షన్ క్లాసు నుంచి వారసత్వం తీసుకుని ఒక చిన్న క్లాసు రాయండి. దాని కాల్ మెథడ్‌కు పార్సర్, ఫలితం దాచే ఆబ్జెక్టు, విలువ, వాడేవారు కొట్టిన ఆప్షన్ పేరు అనే నాలుగూ అందుతాయి. చివరిదాన్ని పాత పేర్ల జాబితాతో పోల్చి హెచ్చరించండి. హెచ్చరిక ఎర్రర్ ప్రవాహంలోకే వెళ్లాలి. మామూలు అవుట్‌పుట్‌లోకి వెళితే నివేదిక ఫైల్లో కలిసిపోతుంది.

పాత పేరును పూర్తిగా తీసే రోజును వాడేవారి క్యాలెండరు చూసి ఎంచుకోండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేటపై నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో పాటలు పలచబడతాయి, లెక్కలూ తగ్గుతాయి. ఇలాంటి ప్రోగ్రాములో పేర్లు తీసేయడానికి ఏప్రిల్ చివరి వారం మంచిది. జూన్ 15న బోట్లు కడలిలోకి వెళ్లేసరికి కొత్త కమాండు చేతికి అలవాటై ఉంటుంది. జూన్ రెండో వారంలో మాత్రం ఏ మార్పూ చేయకండి.

తొమ్మిదో అడుగు: పేర్లకు కూడా పరీక్షలు రాయండి

లెక్కలకు పరీక్షలు రాసేవారు పేర్లకు రాయరు. ఒక పట్టిక చేసుకోండి. ప్రతి వరుసలో బయటి ఆప్షన్ పేరు, ఒక నమూనా విలువ, క్లాసులో ఏ యాట్రిబ్యూట్‌లో ఏ విలువ ఉండాలి అనేవి. ఈ పట్టికను మెటాడేటా నుంచి తయారు చేయకండి, చేత్తో రాయండి. మెటాడేటాలో పొరపాటున పేరు మారితే పరీక్ష కూడా దానితోపాటు మారిపోకూడదు కదా. పార్సర్‌కు మాటల జాబితాను నేరుగా ఇవ్వవచ్చు కాబట్టి టెర్మినల్ అవసరం లేదు. పాత పేర్లకు ఒక్కొక్క వరుస, ఐత్వం విడిపోయిన --పైకంకు ఒక వరుస, గుర్తించకూడని --తేకు ఒక వరుస చేర్చండి. చివరిదానికి ప్రోగ్రాము 2 కోడుతో ముగియాలి.

వేరే భాషల్లో రాసేవారికి

సూత్రం అదే, మాటలు మారతాయి. జావాలో పికోక్లీ వాడేవారు ఆప్షన్ యానొటేషన్‌లోని నేమ్స్‌లో ఎన్ని పేర్లయినా ఇవ్వవచ్చు. మెటావార్ చేసే పనిని అక్కడ పారామ్‌లేబుల్ చేస్తుంది. పెర్ల్ మూస్‌ఎక్స్ గెట్‌ఆప్ట్‌లో సీఎండీ_ఫ్లాగ్ ప్రధాన పేరును మారుస్తుంది, సీఎండీ_ఏలియాసెస్ అదనపు పేర్లు చేరుస్తుంది, నోగెట్‌ఆప్ట్ అనే ట్రెయిట్ ఆ యాట్రిబ్యూట్‌ను ఆప్షన్ కాకుండా ఆపుతుంది. పైథాన్‌లోనే క్లిక్ వాడుతుంటే, ఆప్షన్ పేర్ల మధ్య గీతలు లేని పేరు ఒకటి రాస్తే అదే లోపలి పేరవుతుంది.

ఇక చేతికి అందించడం మిగిలింది. కమాండును కాగితం మీద ముద్రించి ఇచ్చేటప్పుడు, లేదా సందేశంలో పంపేటప్పుడు, వర్డ్ వంటి ప్రోగ్రాములు రెండు చిన్న గీతలను కలిపి ఒక పొడుగు గీతగా మార్చేస్తాయి. అక్కడి నుంచి కాపీ చేస్తే ఆర్గ్‌పార్స్‌కు అది ఆప్షనే కాదు. సాదా టెక్స్టు ఫైల్లో రాసి పంపండి, గుమాస్తా కంప్యూటర్ మీద మీరు ఎదురుగా ఉండగానే ఒకసారి నడిపించి, ఆ రాత్రి షెడ్యూలు పని ముగింపు కోడు కూడా చూసుకోండి.